షెడ్డులో తుప్పు ఆగాలంటే ఏ డీహ్యూమిడిఫయర్ కొనాలి?

ప్రశ్న: మాది విశాఖ, సముద్రానికి దగ్గర. ఇంటికి ఆనుకుని 18 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు కారు షెడ్డు ఉంది, ముందు రోలింగ్ షట్టరు. మా నాన్నగారి ఉలులు, బాడితలు, రంపాలు అందులోనే దాచాం. నూనె రాసి గుడ్డలో చుట్టినా తుప్పు పడుతున్నాయి. ఆన్‌లైన్‌లో 3 వేల నుంచి 30 వేల దాకా డీహ్యూమిడిఫయర్లు, అంటే గాల్లోని తేమ లాగే మిషన్లు ఉన్నాయి. ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ 3 వేల డబ్బా వద్దమ్మా. అందులో కంప్రెసర్ ఉండదు, కరెంటు పారితే ఒకవైపు చల్లబడే చిన్న పెల్టియర్ పలక ఉంటుంది. రోజంతా నడిచినా తీసేది ఒకటి రెండు గ్లాసుల నీళ్లే. బట్టల బీరువాకైతే సరే.

మీ షెడ్డు లెక్క వేద్దాం. ఎత్తు 10 అడుగులనుకుంటే లోపల పట్టేది సుమారు 56 ఘనపు మీటర్ల గాలి. 30 డిగ్రీల వేడిలో 80 శాతం ఉన్న తేమను 50కి దించాలంటే ఘనపు మీటరుకు 9 గ్రాముల నీరు లాగాలి, అంటే మొత్తం అర లీటరు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ షట్టరు కింద సందులోంచి, పక్క గాడుల్లోంచి గంటకోసారి గాలంతా మారిపోతుంటే ఆ అర లీటరు ప్రతి గంటా లాగాల్సిందే. రోజుకు 12 లీటర్లు! గాలి రాకపోకలు సగానికి తగ్గితే 6 లీటర్లతో పోతుంది. అందుకే మిషన్ కొనేముందు షట్టరు అడుగున రబ్బరు పట్టీ, పక్కల బ్రష్ పట్టీలు వేయించండి. ఈ ఖర్చు చాలా తక్కువ, ఫలితం మాత్రం రోజూ కనిపిస్తుంది.

నేలనూ చూడాలి. రెండడుగుల ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగు వైపులా టేపు అంటించి ఒకరోజు వదిలేయండి. అడుగున నీటి బొట్లు కనిపిస్తే చెమ్మ భూమిలోంచి వస్తోందన్నమాట. అప్పుడు ముందు నేలకు వాటర్‌ప్రూఫింగ్ చేయించుకోవాలి. వానలో తడిసిన కారును కూడా నీళ్లు కారిపోయాకే లోపల పెట్టండి.

ఇక మిషన్. కంప్రెసర్ రకమే తీసుకోండి. తేమ పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం చలి ప్రాంతాలకు బాగుంటుంది, మన దగ్గర కరెంటు ఎక్కువ తిని గదిని వేడెక్కిస్తుంది. డబ్బా మీద ‘రోజుకు 20 లీటర్లు’ అని ఉంటే అది సాధారణంగా 30 డిగ్రీలు, 80 శాతం తేమలో కొలిచిన లెక్క. గాలి ఆరే కొద్దీ అది తీసే నీళ్లు సగానికీ పడిపోవచ్చు. కాబట్టి మీకు 20 నుంచి 25 లీటర్లది కావాలి. అమెరికా నుంచి బంధువులు తెస్తామన్నా వద్దనండి, అక్కడివి 120 వోల్టులవి.

లాగిన నీళ్లు బయటికి పోయేలా పైపు తగిలించే వీలుందో లేదో తప్పకుండా చూడండి. లేకపోతే ట్యాంకు నిండగానే మిషన్ ఆగిపోతుంది, ఊరెళ్లి వచ్చేసరికి మళ్లీ తేమే. మిషన్‌ను గట్టి బల్ల మీద పెడితే నీళ్లు వాలుకు వాటంతటవే బయటికి పోతాయి. కరెంటు పోయి వచ్చాక తనంతట తాను మొదలవుతుందా అని కూడా షాపులో స్విచ్ ఆపి, వేసి చూపించమనండి.

నూనె రాసినా తుప్పు ఎందుకంటారా? ఏసీలు బాగుచేయడంలోనే నా జీవితం గడిచింది. సముద్రం పక్క ఇళ్లలో అవుట్‌డోర్ యూనిట్ల అల్యూమినియం రేకులు వేలితో తాకితే తెల్లపొడిగా రాలుతుంటాయి. అదంతా ఉప్పు చేసే పనే. తేమ 75 శాతం దాటితే ఉప్పు గాల్లోని నీటిని పీల్చుకుని కరిగిపోతుంది. మీ గుడ్డలోనూ ఆ ఉప్పే చేరి, చెమ్మను ఉలికి అంటిపెట్టి ఉంచుతోంది. ఆ గుడ్డలు పారేయండి. ఒక్కో పనిముట్టునూ మంచినీళ్లలో తడిపి పిండిన బట్టతో తుడిచి, పూర్తిగా ఆరాక నూనె రాసి, మూత బిగిసే డబ్బాలో పెట్టండి. నాన్నగారి చేతి పనిముట్లు, ఈ కాస్త శ్రమ పడాల్సిందే. మిషన్‌ను 50కి సెట్ చేయండి. కొన్ని వందల రూపాయల తేమ మీటరొకటి షెడ్డు అవతలి మూల పెట్టండి, అసలు సంగతి అదే చెబుతుంది.

సందులు బిగించాక మాత్రం షట్టరు మూసి ఇంజను స్టార్ట్ చేయొద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. పెట్రోలు డబ్బా అక్కడుంటే ఈరోజే తీసేయండి.