వాలెట్‌లో డబ్బు, యాప్‌లో ఆట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది విజయవాడ వన్‌టౌన్. ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఆన్‌లైన్ ఆటల కోసం జీతం పడే బ్యాంకు ఖాతాను ముట్టుకోకూడదని విడిగా ఒక మొబైల్ వాలెట్ పెట్టుకున్నాను. స్నేహితుడు వాట్సాప్‌లో పంపిన లింకు నుంచి దించుకున్న రమ్మీ యాప్‌లో, ఆ వాలెట్ ద్వారా విడతలవారీగా 15,000 రూపాయలు వేశాను. ఇప్పుడు యాప్‌లో 64,000 చూపిస్తోంది. విత్‌డ్రా చేయబోతే, ముందు 30 శాతం పన్ను కింద 19,200 రూపాయలు కడితేనే డబ్బు వదులుతామంటున్నారు. అంత కట్టలేనంటే, మీ వాలెట్‌లోకి వేరేవాళ్ల డబ్బు వస్తుంది, దాన్ని మేం చెప్పినచోటికి పంపితే వచ్చే కమీషన్‌తో పన్ను తీరిపోతుంది అని టెలిగ్రామ్‌లో చెప్పారు. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ 19,200 రూపాయలు కట్టకండి. కమీషన్ మాటకు అసలు ఒప్పుకోకండి. ఈ రెండిటిలో రెండోదే ఎక్కువ ప్రమాదం.

ముందు పన్ను సంగతి చూద్దాం. ఆన్‌లైన్ ఆటల్లో వచ్చిన నికర గెలుపుపై 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఆదాయపు పన్ను నియమం ప్రకారం ఆ పన్నును ఆట నడిపే సంస్థే, మీకు డబ్బు ఇచ్చేటప్పుడు అందులోంచి మినహాయించుకోవాలి. అంటే ఆ సొమ్ము మీ జేబులోంచి ఎదురు కట్టవలసినది కాదు. పైగా పన్ను లెక్క మొత్తం మీద కాదు, గెలుపు మీద. మీరు వేసిన 15,000 తీసేస్తే నికర గెలుపు 49,000, దాని మీద 30 శాతం 14,700. యాప్ నిజాయితీగలదే అయితే ఆ 14,700 తీసుకుని మిగిలిన 49,300 మీకు పంపి ఊరుకునేది. తీసిన పన్ను మీ పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే పన్ను వివరాల పత్రంలో కనబడేది. ఇక్కడ అడుగుతున్నది 64,000 మీద 30 శాతం, అదీ ముందుగా. అది కడితే తరువాత ప్రాసెసింగ్ ఫీజు, ఆ తరువాత ఖాతా ధ్రువీకరణ రుసుము అంటారు. తెరమీద కనిపించే 64,000 కేవలం ఒక అంకె. దాని వెనుక డబ్బు ఉందనడానికి ఆధారం ఏమీ లేదు.

ఆధారం మీ వాలెట్‌లోనే దొరుకుతుంది. లావాదేవీల జాబితా తెరిచి, మీరు డబ్బు వేసిన ప్రతిసారీ అది ఎవరి పేరున వెళ్లిందో చూడండి. కంపెనీ పేరు కాకుండా ఒకసారి ఏదో కిరాణా దుకాణం పేరు, మరోసారి ముక్కూమొహం తెలియని మనిషి పేరు, ఒక్కో విడతకు ఒక్కో యూపీఐ ఐడీ కనబడితే, మీ డబ్బు ఏ ఆటల సంస్థకూ చేరలేదని, అద్దెకు తీసుకున్న ఖాతాల్లోకి పోయిందని అర్థం చేసుకోవాలి. ఇప్పుడు మీ వాలెట్‌ను అడుగుతున్నది కూడా అలాంటి ఖాతాగా వాడుకోవడానికే. మీలాగే మోసపోయిన వేరొకరి సొమ్ము మీ పేరుమీదుగా సాగిపోతుంది. ఆ మనిషి ఏ రాష్ట్రంలో ఫిర్యాదు చేసినా, డబ్బు వెళ్లిన దారిని వెతుక్కుంటూ వచ్చే పోలీసులకు మొదట కనబడేది మీ పేరు, మీ ఫోన్ నంబరు, మీ ఆధార్. వాలెట్‌తోపాటు దానికి జతచేసిన బ్యాంకు ఖాతాను కూడా స్తంభింపజేయవచ్చు. అప్పుడు మీరు దూరంగా పెట్టాలనుకున్న జీతం ఖాతాయే ముందు ఇరుక్కుంటుంది.

చట్టం విషయం కూడా దాచకుండా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను కూడా నిషేధించింది. ఈ రాష్ట్ర చట్టంలో ఆడినవారికి సైతం శిక్ష ఉంది. కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నైపుణ్యమా, అదృష్టమా అనే తేడా లేకుండా పందెం ఉన్న ప్రతి ఆన్‌లైన్ ఆటనూ అది నిషేధిస్తుంది. ఆడేవారిని శిక్షించకుండా, నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పెట్టింది. బ్యాంకులు, చెల్లింపు సంస్థలు ఆ డబ్బును దాటించకూడదని కూడా చెప్పింది. పేరున్న పెద్ద సంస్థలే ఆ తరువాత డబ్బు తీసుకోవడం ఆపేశాయి. కాబట్టి నేడు వాట్సాప్ లింకుతో వచ్చి, మీ వాలెట్ నుంచి డిపాజిట్ తీసుకుంటున్న యాప్ ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

చేయవలసింది ఈ రోజే చేయండి. సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి గానీ, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ ఫిర్యాదు నమోదు చేయండి. ప్రతి చెల్లింపు తేదీ, మొత్తం, అవతలి యూపీఐ ఐడీ, యూటీఆర్ నంబరు (ప్రతి చెల్లింపుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), టెలిగ్రామ్ సంభాషణ తెరచిత్రాలు దగ్గర పెట్టుకోండి. యాప్‌ను తీసేసేముందే ఇవన్నీ భద్రపరచాలి. ఆపై యాప్ తొలగించి, వాలెట్ పిన్, బ్యాంకు పిన్ రెండూ మార్చండి. బయటి లింకుతో దించిన యాప్ మీ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి తీసుకుని ఉండవచ్చు, ఓటీపీలు అక్కడినుంచే పోతాయి. ఒక చేదు నిజం కూడా తెలుసుకోండి. తనకు తెలియకుండా డబ్బు పోయినప్పుడు నిర్ణీత గడువులో చెబితే ఖాతాదారుడికి భారం ఉండదన్న రిజర్వు బ్యాంకు నియమం, మీరే పిన్ కొట్టి పంపిన డబ్బుకు పనికిరాదు. అవతలి ఖాతాలోంచి సొమ్ము తీసేసేలోపు ఆపించడమే ఉన్న దారి, అందుకే గంటలు ముఖ్యం. ఆట నిషిద్ధం కదా, ఫిర్యాదు చేస్తే మనమీదికే వస్తుందేమో అనే భయం ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఒక న్యాయవాదితో మాట్లాడి వెళ్లండి. ఆ భయంతో నోరు మూసుకుని కూర్చుంటారన్న ధీమాతోనే ఈ మోసగాళ్లు బతుకుతున్నారు.

విడిగా వాలెట్ పెట్టుకోవాలన్న మీ ఆలోచనలో తప్పు లేదు. అయితే వాలెట్ ఎంత పోవచ్చో దాన్ని మాత్రమే పరిమితం చేస్తుంది, ఎవరికి పోతోందో చూడదు. చేయి జారి మళ్లీ మళ్లీ నింపుతూపోతే ఆ పరిమితి కూడా నిలవదు. ఆపాలని ఉన్నా ఆపలేకపోతున్నానని మీకు అనిపిస్తే మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి, ఆ సేవకు రుసుము లేదు.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం, అధ్యాపకురాలిని. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి ఫోన్‌లో ఆట ఆడుతూ అందులోని డ్రెస్సులు, వజ్రాలు కొంటున్నాడు. నా యూపీఐ నుంచి డబ్బు పోతోంది. అది కూడా నిషేధమేనా? చిన్న వాలెట్ పెట్టి ఇస్తే సరిపోతుందా?
ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, పందెం, గెలిస్తే డబ్బు అనేవి లేకుండా ఆటలో వాడుకునే వస్తువులు కొనడం ఆ నిషేధం కిందికి రాదు. అది ఖర్చు మాత్రమే. కానీ అదుపు చాలా అవసరం.

కనీస వివరాలతో తెరిచే వాలెట్‌లో నెలకు 10,000 రూపాయలకు మించి నింపడానికి వీల్లేదు, పూర్తి కేవైసీ (గుర్తింపు పత్రాల పరిశీలన) చేస్తే నిల్వ రెండు లక్షల వరకు పోతుంది. పిల్లవాడి అవసరానికి ఆ మొదటి పరిమితి కూడా ఎక్కువే. వాలెట్ కంటే గూగుల్ ప్లే రీచార్జ్ కోడ్ మేలు. 200, 300 రూపాయల కోడ్ కొని ఇస్తే అందులో ఉన్నంతే ఖర్చవుతుంది, మీ బ్యాంకు ఖాతా దరిదాపుల్లో ఉండదు. ప్లే స్టోర్ సెట్టింగులలో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టి, ఆ పాస్‌వర్డ్ మీదగ్గరే ఉంచుకోండి. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే భాగం తెరిచి చూడండి. ఆటకు సంబంధించిన నెలవారీ అనుమతి ఏదైనా ఉంటే రద్దు చేయండి, ఎందుకంటే ఒకసారి ఒప్పుకున్నాక తరువాతి నెలల కోతలకు అది పిన్ అడగకపోవచ్చు. చిన్న మొత్తాలకు వాడే యూపీఐ లైట్ ఉంటే అదీ ఆపండి, దానికి పిన్ అక్కర్లేదు. 48 గంటలలోపు జరిగిన కొనుగోలుకు గూగుల్ ప్లేలో తిరిగి చెల్లింపు కోరవచ్చు.

ఇవన్నీ చేస్తూనే అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని స్టేట్‌మెంట్ ఇద్దరూ కలిసి చదవండి. చిన్న చిన్న కొనుగోళ్లన్నీ కలిపితే ఎంతయిందో వాడిచేతనే కూడించండి. ఫోన్ లాక్కోవడం కంటే ఇది ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

ప్రశ్న: బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు ఫాంటసీ క్రికెట్ ఆడేవాణ్ణి. ఇప్పుడు గుంటూరు వచ్చేశాను. ఆ పాత ఖాతాలో మిగిలిన 2,300 రూపాయలు వాలెట్‌కు విత్‌డ్రా చేస్తే, కంపెనీ పంపించామంటోంది, వాలెట్‌లో జమ కాలేదు.
ఒక పాఠకుడు, అరండల్‌పేట

జవాబు: కంపెనీని యూటీఆర్ నంబరు అడిగి తీసుకోండి, అది లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు. మీ వాలెట్‌కు పూర్తి కేవైసీ అయిందో లేదో, అందులోని పేరు ఆటల ఖాతాలోని పేరుతో కలుస్తోందో లేదో చూడండి. ఎక్కువ చెల్లింపులు ఆగేది ఈ రెండుచోట్లే. చెల్లింపు తిరిగి కంపెనీకే వెళ్లి ఉంటే, ఈసారి మీ సొంత బ్యాంకు ఖాతాకు పంపమనండి. యూటీఆర్ ప్రకారం వాలెట్‌కు చేరిందని తేలితే వాలెట్ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా ఇలాంటి ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎలా చేయాలో తెలుగులోనూ చెబుతారు. గూగుల్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లకు మాత్రం ఫోన్ చేయకండి, సంస్థ యాప్ లోపల ఉన్న సహాయ విభాగాన్నే వాడండి.