గుంటూరులో బీకాం ఇంటర్న్‌షిప్: డబ్బు కట్టి సర్టిఫికెట్ తీసుకోవాలా, ఆడిటర్ ఆఫీసులో చేరాలా?

బీకాం రెండో ఏడాది పరీక్షలు అయిపోయాయనీ, రెండు నెలల ఇంటర్న్‌షిప్ మీరే చూసుకోండని కాలేజీలో చెప్పారనీ, గుంటూరులో పెద్ద కంపెనీలేవీ కనిపించడం లేదనీ రాశారు. ఆన్‌లైన్‌లో ఎవరో డబ్బు కడితే సర్టిఫికెట్ పంపిస్తామన్నారట. "ఎలాగూ మార్కుల కోసమే కదా, కట్టేయనా?" అన్నది మీ ప్రశ్న.

కట్టకండి. ఆ డబ్బు బస్సు చార్జీలకు ఉంచుకుని బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో ఒక ఆడిటర్ ఆఫీసులో చేరండి. నేను బీకాం చదివేటప్పుడు చేసింది అదే. ఇప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాను. కొత్తగా చేరేవాళ్ల ఇంటర్వ్యూల్లో నేనూ కూర్చుంటాను.

అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను. ఇంటర్న్‌షిప్‌లో ఏం చేశారని అడిగితే "టాలీ, జీఎస్టీ నేర్చుకున్నానండి" అంటారు. అందరూ అదే మాట. "సరే, ఒక కొనుగోలు బిల్లు 2బీలో రాలేదు, ఏం చేస్తారు?" అని అడుగుతాం. (2బీ అంటే అమ్మినవాళ్లు మన పేరు మీద చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో నెలనెలా తయారయ్యే జాబితా.) సర్టిఫికెట్ కొనుక్కున్నవాళ్లు అక్కడ ఆగిపోతారు. తెలివైన పిల్లలే, మంచి మార్కులే ఉంటాయి. చూస్తుంటే బాధేస్తుంది, ఎందుకంటే ఒక్క నెల నిజమైన బిల్లులు చూసి ఉంటే ఆ జవాబు వాళ్ల నోటి చివర ఉండేది.

ఆ ఆఫీసులో నా మొదటి పని బిల్లులు తేదీలవారీగా సర్దడం. షాపులవాళ్లు నెలంతా పోగైన బిల్లుల్ని పాలిథిన్ కవర్లో కుక్కి తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్లు. అందులో పెట్రోలు బంకు రసీదులు సగం వెలిసిపోయి ఉండేవి. వెలుతురుకు పట్టి చదవాలి. ఇది చిల్లర పని అనుకోకండి. ఏది పన్ను బిల్లు, ఏది ఉత్త ఎస్టిమేటు కాగితం అన్నది అక్కడే తెలుస్తుంది.

తర్వాత 2బీతో కలపడం. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకు లెక్క ఇలా నడుస్తుంది: మనకు సరుకు అమ్మినవాళ్లు 11వ తేదీలోపు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వేయాలి, దాన్ని బట్టి 14న మన 2బీ తయారవుతుంది, 20లోపు మనం 3బీ (ఆ నెల పన్ను లెక్క చూపే రిటర్ను) వేసి పన్ను కట్టాలి. 14కీ 20కీ మధ్య ఆఫీసంతా టెన్షనే. నేర్చుకునేది కూడా ఎక్కువగా ఆ రోజుల్లోనే.

పట్నం బజారులో ఒక హార్డ్‌వేర్ షాపు లెక్కలు నాకిచ్చారు. హైదరాబాద్ నుంచి వచ్చిన పైపుల బిల్లు ఒకటి షాపు పుస్తకంలో సగం సీజీఎస్టీ (కేంద్రం వాటా), సగం ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) కింద ఎక్కింది. మా సీనియర్ ఏమీ చెప్పకుండా అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు మీద వేలు పెట్టారు. మొదటి రెండు అంకెలు 36. అంటే తెలంగాణ. మనది 37. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన సరుకు కాబట్టి ఐజీఎస్టీ పడాలి. క్లాసులో ఇదంతా చదివాను, పరీక్షలో రాశాను కూడా. కానీ ఆ రోజు తర్వాత ఏ బిల్లు చేతికొచ్చినా ముందు నా కళ్లు ఆ రెండు అంకెల మీదికే వెళ్తాయి.

అదే షాపుది ఇంకో బిల్లు 2బీలో లేనే లేదు. విజయవాడ వన్‌టౌన్‌లో అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే తేలిందేమిటంటే, అలాంటి పేరే ఉన్న వేరే షాపు నంబరు మీద బిల్లు ఎక్కించేశారు. వచ్చే నెల సవరిస్తామన్నారు. అప్పటిదాకా ఆ క్రెడిట్, అంటే కొన్నప్పుడు ఇచ్చిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు, వాడుకోవడానికి లేదు, ఆ మేరకు పన్ను డబ్బు రూపంలో కట్టాలి. షాపు యజమాని వచ్చి "నేను వాడికి టాక్సుతో సహా ఇచ్చేశాను కదమ్మా, మళ్లీ నేనెందుకు కట్టాలి?" అని అడిగారు. చాలా న్యాయమైన ప్రశ్న. అమ్మినవాళ్లు తమ రిటర్నులో మీ పేరు మీద చూపిస్తేనే మీకు క్రెడిట్ వస్తుందని, చట్టంలో 16వ సెక్షన్ షరతు అదేనని ఆయనకు అర్థమయ్యే మాటల్లో చెప్పాల్సి వచ్చింది. ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ నాకు నిజంగా అర్థమైంది అప్పుడే.

ఇక ఎలా అడగాలి అన్నది. మెయిల్ పెట్టి కూర్చుంటే పని జరగదు, మనిషిగా వెళ్లండి. 20వ తేదీ దాటాక, సాయంత్రం పూట వెళ్తే మాట్లాడే తీరిక ఉంటుంది. కాలేజీ ఇచ్చిన లెటర్ చేతిలో ఉంచుకోండి. "సార్, బీకాం రెండో సంవత్సరం అయింది, టాలీలో ఎంట్రీలు వేయడం వచ్చు, రెండు నెలలు రోజూ వస్తాను" అంటే చాలు. రోజూ వస్తానన్న మాట ముఖ్యం. వారం వచ్చి మానేసే పిల్లల్ని చూసి చూసి వాళ్లు విసిగిపోయి ఉంటారు. ఇద్దరు ముగ్గురు కాదనవచ్చు, పక్క లైనులో అడగండి. స్టైపెండ్ సంగతి మొదటే మర్యాదగా కనుక్కోండి. చాలాచోట్ల ఉండదు, నాకు దారి ఖర్చులు మాత్రం ఇచ్చారు. కానీ మిమ్మల్నే ఎదురు డబ్బు అడిగే చోట చేరకండి.

ఎవరైనా ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకానికి పెట్టుకోమంటే, 2024లో అది మొదలైనప్పటి నిబంధనల ప్రకారం రెగ్యులర్‌గా చదువుతున్నవాళ్లకు వర్తించదు.

ఆడిటర్ ఆఫీసు వద్దనుకుంటే మిర్చి యార్డు చుట్టూ కమీషన్ షాపులు, కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా చీటీలు, రైతుకు ఇవ్వాల్సిన డబ్బు లెక్క, అన్నీ నేర్చుకోదగ్గ పనులే. కాకపోతే సాధారణంగా మే నెలలో యార్డుకు వేసవి సెలవులు వస్తాయి, ముందే కనుక్కోండి.

లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజు రాయండి. చివరి వారంలో కూర్చుని రెండు నెలలదీ ఒకేసారి రాస్తే వైవాలో అడిగినవారికి ఇట్టే తెలిసిపోతుంది. "ఎంట్రీలు వేశాను" అని కాకుండా ఏ రకం బిల్లులు, ఏ తేడా వచ్చింది, ఎలా సరిచేశారు అని రాయండి. షాపుల పేర్లు మాత్రం రాయవద్దు. మీ చేతికి వాళ్ల పోర్టల్ పాస్‌వర్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు వస్తాయి. వాటిని ఫోన్‌లో ఫొటో తీయకండి, స్నేహితులతో మాటవరసకు కూడా అనకండి. ఆడిటర్లు మనిషిని కొలిచేది ముఖ్యంగా ఇక్కడే.

వెళ్లిపోయే ముందు సర్టిఫికెట్ అడిగేటప్పుడు చేరిన తేదీ, ముగిసిన తేదీ, చేసిన పని లెటర్‌హెడ్ మీద రాసివ్వమనండి. మూడో ఏడాదిలో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ ఉంటుంది కదా, అప్పుడు మళ్లీ రావచ్చా అని కూడా అప్పుడే అడిగేయండి. ఒప్పుకుంటే ఈసారి బిల్లులు కాకుండా బ్యాలెన్స్ షీటు పని చూపించమనండి, రెండు నెలల్లో దానికి టైమ్ చాలదు.