పాలింప్‌సెస్ట్ అనే ఇంగ్లీషు మాటకు అర్థం ఏమిటి? అది ఎలా పుట్టింది?

ముందున్న రాతను చెరిపివేసి, దాని మీదనే మరొక రచన రాసుకున్న పత్రాన్ని పాలింప్‌సెస్ట్ అంటారు. చెరిపిన రాత పూర్తిగా పోకుండా అడుగున లీలగా నిలిచి ఉండడమే ఈ మాటకు ప్రాణం.

ఈ సంగతి నాకు ఒక పొరపాటు వల్ల తెలిసింది. ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నప్పుడు, ఒక ప్రాచీన నగరాన్ని పాలింప్‌సెస్ట్‌గా వర్ణించిన వాక్యం ఎదురైంది. నిఘంటువు చూసి, తొందరపడి, ‘మళ్లీ మళ్లీ దిద్దిన చిత్తుప్రతి’ అని రాశాను. అచ్చైన తరువాత గానీ తప్పు తెలియలేదు; ఆ బాధ నన్ను చాలాకాలం వదలలేదు. చిత్తుప్రతిని దిద్దేవారు తమ రాతనే మెరుగుపరుచుకుంటారు. ఇక్కడ పైన రాసినవారికి కింది రాతతో నిమిత్తమే లేదు, వారికి కావలసింది రాసుకునే చోటు మాత్రమే.

గ్రీకులో ‘పాలిన్’ అంటే మళ్లీ, ‘ప్సేన్’ అంటే రుద్దడం, గీకడం. ఈ రెండూ కలిసిన మాట లాటిన్ మీదుగా 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. మధ్యయుగాలలో జంతుచర్మంతో చేసిన పత్రాలు ఖరీదైనవి కనుక, పాత గ్రంథాలను కడిగి, గీకి, తిరిగి వాడుకునేవారు. అయితే సిరా చర్మంలోకి ఇంకిపోవడం వల్ల దాని జాడ మిగిలేది.

నా సందేహం తీర్చింది ఆర్కిమెడీస్ పాలింప్‌సెస్ట్ ఛాయాచిత్రం. 10వ శతాబ్దంలో నకలు రాసిన, ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు ఆర్కిమెడీస్ రచనలున్న గ్రంథాన్ని 1229 నాటికి చెరిపి, ఆకులను మధ్యకు మడిచి, అడ్డంగా తిప్పి ప్రార్థనలు రాసుకున్నారు. నల్లని ప్రార్థన పంక్తుల వెనుక, వాటికి అడ్డంగా, వెలిసిన గోధుమరంగు పంక్తులు నిలువునా దిగుతాయి; నడిమి పంక్తులు కొన్ని పుస్తకపు మడతలో దాగిపోతాయి. 1906లో హైబర్గ్ అనే డెన్మార్క్ పండితుడు వాటిని ఆర్కిమెడీస్ రచనలుగా గుర్తించాడు. వాటిలో ‘పద్ధతి’ అనే గ్రంథానికి గ్రీకు మూలం మరెక్కడా దొరకలేదు. ఆయన భూతద్దంతో చదవలేకపోయిన భాగాలు కూడా, వేర్వేరు తరంగదైర్ఘ్యాల కాంతిలో తీసిన చిత్రాల వల్ల తరువాత చాలావరకు బయటపడ్డాయి.

నగరం గురించి గానీ, జ్ఞాపకం గురించి గానీ ఈ మాటను ఉపమానంగా వాడడం, అది ఇంగ్లీషులోకి వచ్చిన తరువాతి పరిణామం. 1845లో ఆంగ్ల రచయిత డి క్విన్సీ మనిషి మెదడునే పాలింప్‌సెస్ట్‌తో పోల్చాడు. పొరలు పొరలుగా ఉన్న ప్రతిదానికీ ఈ మాట వాడడం నాకు సమ్మతం కాదు. చెరిపిన గుర్తు ఉండాలి, చెరిపినది ఇంకా కనిపిస్తూ ఉండాలి. ఆ వ్యాసం తిరిగి అచ్చైనప్పుడు నా వాక్యాన్ని ‘చెరిపినా చెరగని రాతల మీద మళ్లీ రాసుకున్న నగరం’ అని మార్చాను.