స్వీడన్ యూరోవిజన్‌కు ఎలా సిద్ధమవుతుంది?

ఏటా ఐరోపా దేశాలు ఒక్కో పాటతో తలపడే యూరోవిజన్ పాటల పోటీలో స్వీడన్ ఏడుసార్లు గెలవడానికి కారణమేమిటి, ఒక్క పాటను పంపడానికి ఆ దేశం అంతగా ఏం చేస్తుంది అన్నది ప్రశ్న. కొన్నేళ్లుగా గోథెన్‌బర్గ్‌లో ఉంటూ చూస్తున్నవాడిగా నాకు తోచింది ఇది: పాటను ఎంపిక చేశాక వారు చేసేది కొంతే, ఎంపికే అసలు సన్నాహం.

ఆ పాటను ఎంచడానికి జాతీయ ప్రసార సంస్థ ఎస్‌వీటీ ఏటా ‘మెలోడిఫెస్టివాలెన్’ అనే పోటీ నిర్వహిస్తుంది. 2002 నుంచి ఇది ఒకే నగరంలో ముగియకుండా ఊరూరా తిరుగుతోంది. 2025లో ముప్పై పాటలు ఐదు నగరాల్లో పోటీపడగా, వాటిలో పన్నెండు స్టాక్‌హోమ్ శివార్లలోని స్టేడియంలో ఫైనల్‌కు చేరాయి. మన ‘పాడుతా తీయగా’లో పాత పాటలతో గాయకుడిని పరీక్షిస్తే, ఇక్కడ పరీక్ష కొత్త పాటకు. అది కూడా మూడు నిమిషాలలోపు ముగియాలి.

శనివారం ప్రసారానికి ముందురోజు, శుక్రవారం సాయంత్రం ప్రేక్షకుల ముందు జరిగే డ్రెస్ రిహార్సల్‌కు మేము కుటుంబంతో వెళ్లాం. టీవీలో ఎన్నడూ గమనించనిది అక్కడ కనిపించింది. తెరపై చిన్న పరిచయ చిత్రం నడిచే కాస్త సమయంలోనే సిబ్బంది ఒక పాట సామగ్రిని లాగేసి మరో పాట సామగ్రిని బిగిస్తున్నారు. కెమెరా మోసే వ్యక్తి నాట్యబృందంలో తానూ ఒకడన్నట్లు అడుగులు లెక్కించుకుంటూ గాయని చుట్టూ తిరుగుతున్నాడు. అంటే పాటతో పాటు దాని దృశ్యమూ ఫిబ్రవరి నాటికే సిద్ధమై ఉంటుంది. 2023లో గాయని లోరీన్ రెండు భారీ తెరల నడుమ పడుకుని పాడిన ఘట్టం దాదాపు అలాగే ఆ ఏటి యూరోవిజన్ జరిగిన లివర్‌పూల్ చేరి గెలిచింది.

ఓటింగ్ కూడా ఆలోచించి రూపొందించినదే. 2010లో ఓస్లోలో జరిగిన యూరోవిజన్‌లో స్వీడన్ పాట ఫైనల్‌కు కూడా చేరలేదు. మరుసటి ఏడాది నుంచి జాతీయ ఫైనల్‌లోని జ్యూరీలన్నింటినీ విదేశాలవారితోనే నింపారు. ఇంటి జనానికి నచ్చిన పాట బయట ఎలా వినిపిస్తుందో ముందే తెలుసుకోవడానికి ఇది మంచి ఉపాయం. ఫైనల్ ఓట్లలో జ్యూరీలది సగం, మిగిలిన సగం ప్రజలది. యాప్ ఓట్లను వయసుల వారీగా లెక్కిస్తారు; మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకూ ప్రత్యేక వర్గం ఉంది కనుక, శనివారం రాత్రి మా అమ్మాయి చేతిలోంచి ఫోన్ తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

ఈ పద్ధతికి లోపం లేకపోలేదు. ఇంతగా సానబట్టడం వల్ల చాలా పాటలు ఒకే మూసలోంచి వచ్చినట్లు ఉంటాయి, ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే. అందుకే 2025 ఫలితం నాకు సంతోషం కలిగించింది. మా ఆఫీసు భోజనబల్ల వద్ద అందరూ 2015 యూరోవిజన్ విజేత మోన్స్ సెల్మెర్‌లోవ్‌దే గెలుపన్నారు. గెలిచింది మాత్రం ఫిన్లాండ్‌లోని స్వీడిష్ భాషీయులైన ‘కాయ్’ బృందం, ఆవిరి స్నానం గురించిన హాస్యగీతంతో. 1998 తరువాత స్వీడన్ యూరోవిజన్‌లో స్వీడిష్ భాషలో పాడించడం అదే మొదలు. ఆ ఏటి యూరోవిజన్ జరిగిన బాసెల్‌లో దానికి నాలుగో స్థానం దక్కింది.

మీరు ఫిబ్రవరి, మార్చి నెలల్లో స్వీడన్‌లో ఉంటే శనివారం టికెట్ కోసం పాకులాడకండి. శుక్రవారం రిహార్సల్ టికెట్ సాధారణంగా తక్కువ ధరకే దొరుకుతుంది, ప్రదర్శన అంతా చూడవచ్చు. అసలు ఫలితం కోసం మరునాడు టీవీ ముందు కూర్చోవాలి, అంతే.