యుద్ధంలో ఓడతో పాటు మునిగిపోయిన చిన్నతాత వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి బొంబాయి వెళ్లి, రెండో ప్రపంచ యుద్ధంలో సరుకుల ఓడెక్కి తిరిగిరాని మీ చిన్నతాత గురించి అడిగారు. సైనికుడు కాదు కాబట్టి ఏ రికార్డులోనూ ఉండడని ఎవరో అన్నారట. ఆ మాట పట్టించుకోకండి. మా నాయనమ్మ తమ్ముడూ సైనికుడు కాదు, అయినా దొరికాడు.

వాళ్లది చౌటుప్పల్ వైపు మగ్గాల ఇల్లు. నల్లగొండ నేతగాళ్లకు షోలాపూర్, బొంబాయి మిల్లుల దారి పాతదే. పాలమూరు వాళ్లు మట్టిపనికి, రాతిపనికి అంతకుముందు నుంచే వెళ్తున్నారు. బొంబాయిలోని కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది నిజాం ఇలాకా నుంచి వెళ్లిన కామాఠీల వల్లనే. మిల్లులో పని దొరక్క ఈయన రేవులో చేరాడు, అక్కడి నుంచి ఓడెక్కాడు. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. హాలీ సిక్కా, అంటే నిజాం నాణెం నడిచే ఊరికి ఆయన పంపినవి కల్దార్, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు. షావుకారు వాటిని వేలితో మీటి, మోగించి చూసుకుని, మారకపు వట్టం కలిపి హాలీ సిక్కాలు ఇచ్చేవాడని నాయనమ్మ చెప్పేది. తమ్ముడి ముఖం కన్నా ఆ చప్పుడే ఆమెకు బాగా గుర్తుండేది. తర్వాత డబ్బు రావడం ఆగిపోయింది. ఎందుకో చెప్పడానికి ఎవరూ రాలేదు.

ఊళ్లో మాత్రం ఒక కథ స్థిరపడింది: బొంబాయి రేవులో ఓడ పేలి పోయాడని. ఆ పేలుడు నిజమే. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలింది. బొంబాయిలో ఉన్న ప్రతివాడూ ఊరికి మోసుకొచ్చిన వార్త అది. కానీ రికార్డులో ఈ తాత, అంటే నాయనమ్మ తమ్ముడు, చనిపోయింది 1942లో, నడిసముద్రంలో. మీ ఇంట్లో చెప్పుకునే సంవత్సరానికి అటూ ఇటూ కూడా వెతకండి.

1942 మన సముద్రాలకు చెడ్డ ఏడాది. ఏప్రిల్‌లో జపాను నౌకాదళం బంగాళాఖాతంలో కొద్దిరోజుల్లోనే ఇరవైకి పైగా సరుకుల ఓడలను ముంచింది. విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడింది అప్పుడే, 6వ తేదీన. నవంబరు 23న బొంబాయి నుంచి మొంబాసా వెళ్తున్న తిలావా ఓడను జపాను జలాంతర్గామి ముంచితే 280 మంది పోయారు. మా తాత హోదా దగ్గర ‘ఫైర్‌మ్యాన్’ అని ఉంది. అంటే బాయిలర్‌కు బొగ్గు వేసేవాడు. టార్పెడో తగిలేది నీటిమట్టం కింద, వీళ్లు పనిచేసేదీ అక్కడే. ఓడ పక్కకు ఒరిగాక ఇనుప నిచ్చెన పట్టుకుని పైకి రావడం ఎంతమందికి సాధ్యమవుతుంది?

ఇక వెతికే పద్ధతి. యుద్ధాల్లో పోయినవాళ్ల సమాధులు, పేర్లు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేర్లు ఉచితంగా చూడవచ్చు. అందులో మర్చంట్ నేవీని (సరుకుల ఓడల సిబ్బందిని) ఎంచుకుని బొంబాయి, చిట్టగాంగ్ (ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది) 1939-1945 స్మారకాల కింద చూడండి. ఇంటిపేరుతో మొదలుపెట్టవద్దు, చాలామందికి అది రాయనే లేదు. గుమాస్తాకు వినబడిందే స్పెల్లింగు. నర్సయ్య, నర్సింహ, నరసింహులు అనే ముగ్గురు ఒకే మనిషి కావచ్చు. పేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలే ఇచ్చి, వచ్చిన జాబితాలో తండ్రి పేరు, ఊరు చూసుకుంటూ పోండి. ఊరు బదులు ‘హైదరాబాద్’ అని మాత్రమే ఉన్నా వదిలేయకండి. ఓడ పేరు తెలిసిందంటే సగం పని అయినట్టే. జర్మన్ జలాంతర్గాములు ముంచినవైతే యూబోట్ డాట్ నెట్‌లో ఏ రోజు, ఎక్కడ మునిగిందో ఉంటుంది. బ్రిటిష్ ఓడల సిబ్బంది పత్రాలు లండన్ దగ్గర క్యూ అనే చోట నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. డబ్బిస్తే వెతికిపెడతామనే వాళ్ల జోలికి ఇప్పుడే పోకండి, మొదటి మెట్టు మీరే ఎక్కగలరు.

సమాధి కోసం వెతకవద్దు, సముద్రంలో పోయినవాళ్లకు చాలావరకు ఉండదు. లండన్ టవర్ హిల్‌లో బ్రిటిష్ నావికుల పేర్లు కంచు పలకల మీద చెక్కారు. మన వ్యాపార నావికులు దాదాపు ఆరు వేల మంది ఒక పుస్తకంలో ఉన్నారు. దాని ప్రతి ఒకటి చిట్టగాంగ్‌లో, ఒకటి ముంబయి మసీద్ బందర్ దగ్గరి సెయిలర్స్ హోమ్‌లో. బొగ్గు అందరిదీ ఒకటే, కంచు మాత్రం కొందరికే. నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

స్మరణ ఎలా అని కూడా అడిగారు. మా నాయనమ్మ తల్లి బతికున్నంత కాలం పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు కొడుకు పేరు చెప్పనివ్వలేదు. పన్నెండేళ్లు చూసి కర్మ చేయాలని పెద్దమనుషులు వస్తే, వాళ్లకు భోజనం పెట్టి పంపేసిందట. రికార్డు దొరికాక నాయనమ్మ పుట్టింటి వాళ్లే ఆయన పేరు కలిపారు. తేదీని బట్టి తిథి కట్టాలా అని కాస్త తర్జనభర్జన జరిగింది. తిథి తెలియని వాళ్లకు ఆ అమావాస్యే చాలని అయ్యగారు తేల్చారు.

మీ చిన్నతాత ఇంట్లో పిలుపు, అసలు పేరు, పాత తాలూకా పేరు కనుక్కుని ఒక కాగితం మీద పెట్టుకోండి. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని విధాలుగా రాయవచ్చో వరుసగా రాసుకుని అప్పుడు వెతకడం మొదలుపెట్టండి.