రెండో కాలంలో మృదంగం పరుగెడుతుంటే

మీరు పదేళ్లుగా వయొలిన్ వాయిస్తున్నారు. మీ స్నేహితుడు మృదంగం పట్టి ఏడాదిన్నరే. వర్ణం (కచేరీ మొదట్లో వాయించే సాధన రచన) రెండో కాలంలోకి, అంటే రెట్టింపు వేగంలోకి, వెళ్లగానే అతను పరుగెడుతున్నాడని, వేరొకరిని చూసుకోవాలా అని అడిగారు. దయచేసి అప్పుడే ఆ పని చేయకండి.

విజయవాడ సత్యనారాయణపురంలో మేము సాధన చేసిన రోజుల్లో ఇలా పరుగెత్తిన మృదంగం నాదే. మా మిత్రుడి వయొలిన్‌లో స్వరాలు రెట్టింపు కాగానే నా చేతులు తెలియకుండానే తొందరపడేవి. ఆది తాళంలో 8 అక్షరాల నడక మారదు, అక్షరానికి పడే స్వరాలే పెరుగుతాయి. ఈ సంగతి బుర్రకు ఎక్కినంత త్వరగా వేళ్లకు ఎక్కదు.

అతను వయొలిన్‌ను ఒళ్లో పెట్టుకుని, తొడమీద తాళం వేస్తూ వర్ణం పాడేవాడు. నేను తొప్పికి (మృదంగం ఎడమ ముఖానికి) రవ్వ ముద్ద అద్దుకుని, ముక్తాయింపుల (ముగింపు జతుల) జోలికి పోకుండా ఉత్త సర్వలఘువు, అంటే తాళాన్ని నిలిపే సాదా నడక, వాయించేవాణ్ణి. లయ చూపే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, వారాల తరబడి అదే. ఆ ఓపికకు ఈనాటికీ నేను రుణపడి ఉన్నాను.

ఫోనులో రికార్డు చేసి ఇద్దరూ కలిసి వినండి. ఎక్కడ జారిందో అతన్నే పట్టుకోనివ్వండి, మీరు ముందే చెప్పేయకండి. మీరు కూడా మృదంగంలో తొలి పాఠాలు నేర్చుకోండి. బాలమురళీకృష్ణ గారంతటి గాయకులే వయొలా, మృదంగం, కంజీర కూడా వాయించారు. దసరా కచేరీ ఒప్పుకునే ముందు ఒక్క వర్ణం రెండు కాలాల్లోనూ నిలబడిందో లేదో చూసుకోండి.