కాలితో తీగ లాగిన బడ్డీ ఎమ్మన్స్

మన తెలుగువాళ్ళకు పెద్దగా తెలియని, మీరు మాత్రం ప్రాణంగా అభిమానించే వాద్యకారుడు ఎవరు, ఎందుకు అని అడిగారు. నా జవాబు బడ్డీ ఎమ్మన్స్. అమెరికా పల్లె బాణీ అయిన 'కంట్రీ' సంగీతంలో పెడల్ స్టీల్ గిటార్ వాయించిన ఆయన. 1937లో పుట్టారు, 2015లో పోయారు. ఆ వాద్యం పట్టినవాళ్ళంతా ఆయన్ని 'బిగ్ ఈ' అని పిలుచుకుంటారు.

2011లో ఎం.ఎస్. చదవడానికి ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌కి వచ్చాను. మొదటి చలికాలం చాలా బెంగగా గడిచింది. ఒకరోజు రాత్రి ల్యాబ్ నుంచి ఇంటికి వస్తుంటే కారు రేడియోలో రే ప్రైస్ పాడిన 'నైట్ లైఫ్' వచ్చింది. 1963 నాటి రికార్డు. గొంతు మొదలవకముందే ఏదో వాద్యం పలికింది. స్వరం జారుతోంది, కానీ వయొలిన్ కాదు. తీగ వాద్యమేనని తెలుస్తోంది, మీటిన చప్పుడు మాత్రం చెవికి తగలడం లేదు. ఇంటి ముందుకొచ్చాక కూడా పాట అయ్యేదాకా కారులోనే కూర్చుండిపోయాను. చిన్నప్పటి నుంచీ ఇంట్లో అమ్మ వీణ వింటూ పెరిగాను కాబట్టి ఆ జారు నాకు పరాయిదనిపించలేదు. అది ఎవరి చెయ్యో తెలుసుకోకుండా ఆ రాత్రి నిద్రపట్టలేదు.

వెతికితే తెలిసింది, ఆయన పుట్టింది మిషవాకాలో అని. సౌత్ బెండ్‌ని ఆనుకునే ఉన్న ఊరు. నేను వారం వారం సరుకులకు వెళ్ళే ఊరు! పదకొండేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఆరు తీగల ల్యాప్ స్టీల్, అంటే ఒళ్ళో పెట్టుకుని వాయించే గిటార్, కొనిపెట్టారు. సౌత్ బెండ్‌లో హవాయి గిటార్ నేర్పే బడిలో చేరి పాఠాలు మొదలుపెట్టారు. పదహారేళ్ళకే చదువు మానేసి ఇదే బతుకుతెరువు చేసుకున్నారు. 1955లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, గాయకుడు లిటిల్ జిమ్మీ డికెన్స్ బృందంలో చేరి, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ వెళ్ళిపోయారు.

ఈ వాద్యం గురించి కాస్త చెప్పాలి, లేకపోతే ఆయన చేసిన పని అర్థం కాదు. చూడటానికి కాళ్ళున్న చిన్న బల్లలా ఉంటుంది. పది తీగలు. మెట్లు ఉండవు, ఉన్నట్టు గీతలు మాత్రం ఉంటాయి. ఎడమ చేత్తో నున్నటి ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతారు, కుడిచేతి వేళ్ళకు గోళ్ళు తొడుక్కుని మీటుతారు. ఇక్కడిదాకా మన గోటువాద్యానికి, అంటే మెట్లు లేని వీణకు, దగ్గరి చుట్టమే. తేడా కింద ఉంది. ఎడమ పాదం కింద పెడళ్ళు, మోకాళ్ళ దగ్గర మీటలు. అవి నొక్కితే లోపలి కడ్డీలు కొన్ని తీగలను బిగిస్తాయి లేదా వదులు చేస్తాయి, మిగతావి కదలవు. అంటే గోటువాద్యంలోని జారూ, వీణలో మెట్టు మీద తీగ లాగితే వచ్చే గమకమూ, రెండూ ఒకే వాద్యంలో, ఒకే క్షణంలో పలుకుతాయి. నాకు తెలిసి ఇలాంటిది ఇంకోటి లేదు.

పెడల్ నొక్కుతూ తీగ లాగిన ధ్వనిని జనానికి పరిచయం చేసింది బడ్ ఐజాక్స్ అనే వాద్యకారుడు. 1954లో ఆయన వాయించిన వెబ్ పియర్స్ పాట 'స్లోలీ' పెద్ద హిట్ అయ్యాక స్టీల్ వాయించేవాళ్ళు చాలామంది తమ వాద్యాలకు పెడళ్ళు బిగించుకున్నారు. అయితే ఐజాక్స్ పద్ధతిలో ఒకే పెడల్ రెండు స్వరాలను కలిపి ఎత్తేది. ఎమ్మన్స్ వాటిని విడదీసి రెండు పెడళ్ళకు పంచారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు అటూ ఇటూ. మన లెక్కలో చెబుతాను. షడ్జమం కదలకుండా నిలబడి ఉంటుంది. ఒక పెడల్ పంచమాన్ని చతుశ్రుతి ధైవతానికి ఎత్తుతుంది, పక్కది అంతర గాంధారాన్ని శుద్ధ మధ్యమానికి ఎత్తుతుంది. రెండూ కలిపి తొక్కితే పాత ధ్వనే వస్తుంది. విడివిడిగా తొక్కితే, లేదా ఒకటి ముందు ఒకటి వెనక వదిలితే, అంతకుముందు ఎవరూ వినని పలుకులు వస్తాయి. చిన్న మార్పే. కానీ ఈ రోజు నాష్‌విల్ పద్ధతిలో వాయించే ప్రతివాళ్ళ కాలి కిందా ఆయన ఆలోచనే ఉంది. తర్వాత మధ్యలో స్వరాలు అందేలా మరో రెండు తీగలు కూడా చేర్చారు.

వాద్యాల తయారీలోనూ ఆయన చెయ్యి ఉంది. షాట్ జాక్సన్ అనే తోటి వాద్యకారుడితో కలిసి పెట్టిన 'షో-బడ్' కంపెనీ పేరులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 1963లో తన పేరుతోనే ఎమ్మన్స్ కంపెనీ మొదలైంది. అదే ఏడాది న్యూయార్క్ జాజ్ కళాకారులతో కూర్చుని 'స్టీల్ గిటార్ జాజ్' అనే ఆల్బమ్ చేశారు. ఆ సంగతి వేరే జవాబుకు సరిపడా ఉంది, ఇక్కడ వదిలేస్తున్నా.

ఇంత కొత్తదనం చేతిలో ఉన్న మనిషి పాట వెనక కూర్చుంటే ఎంత తగ్గి వాయిస్తారో, నా అభిమానమంతా అక్కడుంది. 1968లో జూడీ కాలిన్స్ పాడిన 'సమ్‌డే సూన్' వినండి. ఆమె మాట మీద మాట వేయరు. ఆమె ఊపిరి పీల్చుకునే చోటు కోసం కాచుకుని, అక్కడ రెండు పలుకులు పలికి తప్పుకుంటారు. మా ఊళ్ళో హరికథకు వయొలిన్ వాయించిన ఒక పెద్దాయన ఇలాగే ఉండేవారు.

2013లో ఉద్యోగం వచ్చాక పాత పెడల్ స్టీల్ ఒకటి కొన్నాను. మిషవాకాలో ఒక పెద్దాయన శనివారాలు నేర్పేవారు. మొదటి నెల మొత్తం నాకు పాట ఇవ్వలేదు. కుడి పాదం కింద ఉండే వాల్యూమ్ పెడల్ ఒక్కటే. తీగ మీటేటప్పుడు దాన్ని కాస్త వెనక్కి పట్టి ఉంచాలి, మీటిన చప్పుడు దాటిపోయాక మెల్లగా తొక్కుతూ స్వరాన్ని బయటికి తేవాలి. తీగ నాదం తగ్గుతున్నకొద్దీ పాదం ముందుకు వెళుతూ ఉండాలి. కారులో ఆ రాత్రి మీటు వినపడకపోవడానికి కారణం ఇదన్నమాట. సాధన చేసి చేసి చీలమండ నొప్పి పుట్టేది. ఆయన ఎమ్మన్స్ రికార్డు పెట్టి, "చేతులు వినకు, పాదం విను" అనేవారు.

2015 జులై 21న ఎమ్మన్స్ పోయారు. ఆ శనివారం మా పాఠం జరగలేదు. పెద్దాయన 'నైట్ లైఫ్' ఒక్కటే మూడుసార్లు పెట్టారు. ఇద్దరం మాట్లాడుకోలేదు. నాకు మాత్రం ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని ఆ పాదాన్ని చూసి ఉంటే అన్న బాధ ఇప్పటికీ ఉంది.

రెండేళ్ళ తర్వాత అమ్మ తెనాలి నుంచి వచ్చింది. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు మీద ఆవిడకు తీగ గాట్లు ఉన్నాయి, నలభై ఏళ్ళ సాధన గుర్తు. నా స్టీల్ ముందు కూర్చోబెట్టి, అయిదో తీగ మీటి మొదటి పెడల్ తొక్కమన్నాను. తొక్కింది. పంచమం లేచి ధైవతం మీద నిలబడింది. అమ్మ పెడల్ వదిలి, మళ్ళీ తొక్కి, ఈసారి సగంలో ఆపి కాస్త ఊపింది.

"ఏరా, దీనికి వేళ్ళు కోసుకోనక్కర్లేదా?" అంది.

"అక్కర్లేదమ్మా, కాలే లాగుతుంది."

"ఎవరు కనిపెట్టార్రా ఇది?"

ఎమ్మన్స్ రికార్డు పెట్టాను. అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. మధ్యలో ఒకచోట, ఆయన స్వరాన్ని ఎత్తి అక్కడే పట్టి ఉంచిన చోట, ఆవిడ ఎడమచేతి వేళ్ళు ఒళ్ళో చీర మీద పక్కకు జరిగాయి, తీగ లాగుతున్నట్టు. పాట అయ్యాక మళ్ళీ మొదటి నుంచి పెట్టమంది.